కెర్నెల్ కాపలా – 4వ పాఠం: గట్టులో ఎండ్రకాయ బొరియ

పోయిన పాఠంలో టెర్మినల్‌లో ‘యూనేమ్ -ఆర్’ (uname -r) కొట్టి, వచ్చిన కెర్నెల్ వెర్షన్ నంబరు రాసుకోమన్నాను. కెర్నెల్ అంటే లినక్స్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రామ్. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో పనుంది.

మా కోనసీమలో వరి చేలున్నవాళ్ళకి ఇవాళ్టి సంగతి సగం తెలిసినట్టే. గట్టులో ఎండ్రకాయ బొరియ చేస్తుంది. బోదెలో నీళ్ళు కిందుగా ఉన్నన్నాళ్ళూ దాన్నెవరూ పట్టించుకోరు. మట్టం బొరియ దాకా లేచిన రాత్రి, తెల్లారేసరికి గండి.

లినక్స్ కెర్నెల్‌లో ‘డర్టీ పైప్’ అనే భద్రతా లోపం అచ్చం ఇలాంటిదే. పైప్ అంటే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి డేటా పారే తూము. అందులో డేటా ఉండే ప్రతి అరకూ కొన్ని గుర్తులుంటాయి. వాటిని ఫ్లాగులంటారు. 2016 నాటి 4.9 వెర్షన్‌లో, అరను మళ్ళీ వాడేటప్పుడు పాత గుర్తులు చెరిపేయడం మరిచారు. అప్పటికి దానివల్ల నష్టమేమీ లేదు. 2020లో వచ్చిన 5.8లో ‘ఇదే పేజీలో ఇంకా రాయొచ్చు’ అని చెప్పే కొత్త గుర్తు చేరింది. మట్టం బొరియకు అందింది.

ఎలాగంటారా? మీరు ఫైల్ చదివితే కెర్నెల్ దాని పేజీని, అంటే అందులో ఒక ముక్కని, మెమరీలో ఉంచుకుంటుంది. ‘స్ప్లైస్’ అనే పిలుపుతో ఆ పేజీనే, కాపీ తీయకుండా, తూములోకి పంపొచ్చు. అరలో పాత గుర్తు మిగిలి ఉంటే, తర్వాత తూములో పోసిన డేటా నేరుగా ఆ ఫైల్ పేజీ మీద పడుతుంది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నవాడు యూజర్ల వివరాలుండే ఫైల్‌నే దిద్ది, సిస్టమ్ మీద సర్వాధికారాలుండే ‘రూట్’ అయిపోవచ్చు.

దీన్ని పట్టుకున్న ప్రోగ్రామర్ మాక్స్ కెల్లర్‌మాన్ హ్యాకర్ల కోసం వెతకలేదు. లాగ్ ఫైళ్ళు ఎందుకు చెడుతున్నాయో తేల్చుకోబోయి ఇక్కడికొచ్చాడు. 2022 మార్చిలో బయటపెట్టాడు. రిపేరు ఎంతనుకున్నారు? గుర్తులను సున్నా చేసే ఒక్క కోడ్ వరుస, రెండు చోట్ల. అంతే!

ఇక మన పని. ఉబుంటు లినక్స్‌లో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ (sudo apt update), ఆ తర్వాత ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ (sudo apt upgrade) కొట్టండి. పాత అలవాటుతో ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ కొడితే కొత్త కెర్నెల్ ప్యాకేజీ దిగకుండా ఆగిపోవచ్చు, చూసుకోండి.

అసలు తిప్పలు ఇక్కడే. కొత్త కెర్నెల్ డిస్క్ మీదికి వస్తుంది కానీ, నడిచేది పాతదే. భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత కొట్టులో సిస్టమ్ చూసి నాకే టెన్షన్ వచ్చింది. అప్‌డేట్లు ఠంచనుగా వేస్తున్నారు, రీబూట్ మాత్రం నెలల తరబడి లేదు. ‘బిల్లింగ్ ఆగిపోద్దండి’ అన్నాడు కుర్రాడు. వేసవిలో కాలువలు కట్టేస్తేనే కదయ్యా లాకులు బాగుచేసేది అన్నాను. రాత్రి కొట్టు కట్టాక చేయించాను.

ఇంకో మాట. 5.15.25లో ఇది బాగుచేశారని చదివి, మీ నంబరు 5.15.0 అని కంగారు పడకండి. ఉబుంటువాళ్ళు ముందంకెలు మార్చకుండానే రిపేర్లు లోపల కలుపుతారు. గీత తర్వాతి అంకె చూడాలి.

ఇంటిపని: అప్‌గ్రేడ్ చేయండి, వెంటనే ‘యూనేమ్ -ఆర్’ కొట్టండి, రీబూట్ చేసి మళ్ళీ కొట్టండి. మూడు నంబర్లూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయండి. కాలువ కట్టకుండా, పారే నీళ్ళలోనే గట్టు పూడ్చే లైవ్ ప్యాచింగ్ వచ్చే పాఠంలో.