తెలుగు డేటా ఎంత చోటు తింటుందో ముందే లెక్కేసుకోండి

కొత్త డేటాబేస్ చేతికొస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: ఇందులో ఏ లిపి ఎంత ఉంటుంది? అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో ఒక్కో యూనికోడ్ (అన్ని లిపులకూ నంబర్లిచ్చే ప్రమాణం) సంకేతానికి 3 పడతాయి, పైగా గుణింతాలు, పొల్లులు విడి సంకేతాలే. "స్త్రీ" చూడండి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. ఆరు సంకేతాలు, 18 బైట్లు. అలాంటిదే మరో పద్ధతి యూటీఎఫ్-16లో 12.

అలాగని వెంటనే అటు దూకకండి. అంకెలు, ఖాళీలు, ట్యాగులు, ఈమెయిళ్లు అక్కడ రెట్టింపవుతాయి. మీ అసలు డేటాలోంచి ఓ వెయ్యి వరుసలు తీసి రెండింట్లోనూ కొలవండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో లెంగ్త్ ఫంక్షన్ బైట్లు చెబుతుంది, క్యార్ లెంగ్త్ సంకేతాలు చెబుతుంది.

ఒరాకిల్ డేటాబేస్‌లో మరీ జాగ్రత్త. టెక్స్ట్ దాచే కాలమ్‌కు వార్‌క్యార్2(100) అని సైజు ఇస్తే, సెట్టింగు మార్చకపోతే, 100 బైట్లే. 33 తెలుగు సంకేతాలకే నిండిపోతుంది, 34వది రాగానే ఎర్రర్. టేబుల్ కట్టేటప్పుడే సైజు పక్కన క్యార్ అని రాయండి.

చోటు మిగులుతుందని మనుషుల పేర్లను ఇంగ్లిష్ లిపిలో దాచడం మాత్రం నాకు ససేమిరా నచ్చదు. ఆదా కావాలంటే పొడవాటి వ్యాసాల కాలమ్‌కు కంప్రెషన్ పెట్టండి, త్వరగా వెతకడానికి పెట్టే ఇండెక్సుల్లో అక్కరలేనివి తీసేయండి.