కొత్త బొంత ఎందుకు నిరాశపరుస్తుంది: లక్షణం, కారణం, పరిష్కారం

వరంగల్ కొత్తవాడలో జంపఖానా కొనేవారు దాన్ని తిరగేసి, రెండువైపులా నేత చూసుకుని బేరమాడతారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంపఖానాలో దాచడానికి చోటు లేదు. బొంత, రజాయి అలాంటివి కావు. డబ్బు పెట్టేది లోపలి దూదికి, కంటికి కనిపించేది పై గుడ్డ. దుకాణాల మీద కొనుగోలుదారులకు ఉండే ఇష్టాయిష్టాలు చాలావరకు ఇక్కడినుంచే పుడతాయి. లోపల ఏముందో చూపించే దుకాణానికి మళ్లీ వెళ్తారు, చూపించని దుకాణాన్ని చుట్టాలకు కూడా వద్దంటారు.

లక్షణం: రెండు నెలలకే దూది ముద్దలు కట్టి, మధ్యలో ఖాళీలు పడడం.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీనికి కారణాలు మూడు. దూది సరిగా ఏకకపోవడం, అంటే పోగులు విడివడేలా దువ్వకపోవడం, మొదటిది. టాకాలు, అంటే గుడ్డనూ దూదినీ కలిపి పట్టే కుట్లు, దూరదూరంగా వేయడం రెండోది. మంచి దూదిలో మిల్లు వ్యర్థాన్నీ, పాత గుడ్డలు చీల్చి తీసిన పీచునూ కలపడం మూడోది. మన ప్రాంతపు పత్తి పోగు అంగుళం కంటే కొద్దిగా పొడవుంటుంది కనుక పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని నిలుస్తాయి. వ్యర్థంలోని పొట్టి పోగులకు ఆ పట్టు ఉండదు, పడుకున్నవారు కదిలిన ప్రతిసారీ అవి ఒక మూలకు జరిగిపోతాయి.

కుట్టకముందే చిటికెడు దూది తీసి, రెండు చేతుల వేళ్లతో మెల్లగా లాగి చూడాలి. పోగులు సాగుతూ విడిపోతే మంచిది, పొడిలా రాలిపోతే కలిపినట్టే. పాలిస్టర్ కలిసిందన్న అనుమానముంటే ఆ చిటికెడునే దుకాణం బయట జాగ్రత్తగా కాల్చాలి. పత్తి కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. టాకాల వరుసల మధ్య దూరం నాలుగైదు అంగుళాలకు మించకూడదని ముందే చెప్పి, ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి. ముద్దలు ఇప్పటికే కట్టి ఉంటే పైనుంచి తట్టి సర్దడం వల్ల లాభం లేదు. ఒక పక్క కుట్టు విప్పి, దూది మళ్లీ ఏకించి, దగ్గర టాకాలు వేయించాలి. మొదటి చలికాలం లోపల ఈ మరమ్మతు కూలి లేకుండా చేసే దుకాణాలంటే కొనుగోలుదారులకు ఎంతో గౌరవం, అది న్యాయమైన గౌరవమే.

లక్షణం: చెప్పిన తూకం రాకపోవడం.

మూడు కిలోల రజాయి అని అమ్మినప్పుడు అది మూడు కిలోల దూదా, గుడ్డతో కలిపి మూడు కిలోలా అన్నది తేలకపోవడమే సగం గొడవలకు మూలం. మిగతా సగానికి మూలం తేమ. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మే రైతుకు తేమ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుందనీ, 12 శాతం దాటితే కొనరనీ అతనికి తెలుసు. అదే రైతు బొంత కొనేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న వేయడు. ముసురు రోజుల్లో తూచిన మూడు కిలోల దూది ఎండాక వంద గ్రాములకు పైగా తగ్గవచ్చు. అందువల్ల పొడి వాతావరణంలో, మన కళ్ల ముందు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాంటా మీద దూదిని విడిగా తూయించాలి.

లక్షణం: మంచానికి బొంత చాలకపోవడం.

గుడ్డ కొలతకూ తయారైన బొంత కొలతకూ తేడా ఉంటుంది. దూది నిండి టాకాలు పడ్డాక పొడవులోనూ వెడల్పులోనూ కొన్ని అంగుళాలు తగ్గుతుంది, తడపని నూలు గుడ్డైతే మొదటి ఉతుకులో ఇంకొంత ముడుచుకుంటుంది. "డబుల్" అన్న మాటను నమ్మకుండా, తయారయ్యాక ఎన్ని అంగుళాలు ఉండాలో చెప్పి కుట్టించాలి.

లక్షణం: ముక్కిపోయిన వాసన.

తడి ఆరని దూది నింపడమో, గాలి ఆడని గదిలో కట్టలు పేర్చడమో కారణం. రెండు మూడు రోజులు ఎండలో తిప్పి తిప్పి వేస్తే పోతుంది. నల్లటి బూజు మచ్చలు కనబడితే మాత్రం వెనక్కి ఇవ్వడమే మేలు.

లక్షణం: అమ్మ చీరలతో కుట్టించిన బొంత ఏడాది తిరగకుండానే చిరగడం.

ఇక్కడ నష్టం డబ్బులో లెక్కకు రాదు. మా ఇంట్లో అమ్మమ్మ చీరలు ఏడు ఇచ్చి కుట్టించిన బొంతలో రెండు చీరలు మాత్రమే వాడారని, అది చిరిగి విప్పినప్పుడు తెలిసింది. మిగిలినవి తిరిగి రాలేదు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు కనుక ఈ భాగం వివరంగా రాస్తున్నాను. చిరగడానికి కారణం సాధారణంగా చీరలను కలిపిన తీరులో ఉంటుంది. నలిగిన నూలు చీర పక్కన సిల్కో పాలిస్టరో పెట్టి గట్టి దారంతో బిగిస్తే, ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుంటుంది, మరొకటి ముడుచుకోదు, దారం బలహీనమైన గుడ్డను కోసేస్తుంది. ప్రతి చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి, పలచబడిన భాగాన్ని లోపలి పొరకు, గట్టి భాగాన్ని పైకి కేటాయించాలి. నూలువన్నీ ఒక బొంతకు, తక్కినవి మరో బొంతకు ఉంచాలి. ఇచ్చే ముందు చీరలన్నిటినీ పరచి ఫోటో తీసి, ఎన్ని ఇచ్చారో చిట్టీ మీద రాయించి, మిగిలిన ముక్కలు తిరిగి ఇవ్వాలని చెప్పాలి. అడగకముందే ముక్కలను మూటగట్టి బొంతతో పాటు చేతికిచ్చే కుట్టుపనివారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అలాంటివారు పది రూపాయలు ఎక్కువ కూలి అడిగినా బేరమాడకూడదన్నది నా అభిప్రాయం.

లక్షణం: చెప్పిన రోజుకు ఇవ్వకపోవడం.

ఆదిలాబాద్ వైపునుంచి చలి మొదలవగానే అందరూ ఒకేసారి వస్తారు, ఏకే యంత్రం మాత్రం ఒక్కటే ఉంటుంది. పాత బొంత ఏకించాలనుకుంటే ఏప్రిల్, మే నెలల్లో ఇవ్వడం మంచిది. అప్పుడు దూది పొడిగా ఉంటుంది, పనివారికి తీరిక ఉంటుంది, దగ్గర కూర్చుని చూసుకునే వీలు మనకూ ఉంటుంది.