పాత ట్యాంక్‌లోకి కొత్త చేపల్ని వదలాలంటే

ట్యాంక్ పెట్టి మూడేళ్లయింది, పాత చేపలన్నీ శుభ్రంగా తిని తిరుగుతున్నాయి, ఇంకేం భయం అనుకుని నేను ఆరు నియాన్ టెట్రాలు తెచ్చి అదే సాయంత్రం వదిలేశాను. ఐదో రోజు పొద్దున్నే లైట్ వేసి చూస్తే ఒకదాని తోక మీద ఉప్పు రవ్వలు అతుక్కున్నట్టు రెండు తెల్ల చుక్కలు, మర్నాటికి రెక్కల నిండా అవే, ఆ తర్వాత వారంలో మొదట్నించీ నా దగ్గరున్న కోరీలు (అడుగున తిరిగే చిన్న చేపలు) ఒక్కొక్కటే పోయాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అన్నిటికన్నా ముఖ్యం క్వారంటైన్, అంటే కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచి చూడటం. దీనికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు, సబ్బు ఎప్పుడూ తగలని ఒక ముప్ఫై నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, హీటరు, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు, పైన మూత ఉంటే చాలు. ఇసుక వెయ్యొద్దు, అడుగు ఖాళీగా ఉంటేనే చేప ఎంత తింటుందో, ఎలాంటి రెట్ట వేస్తుందో కనపడుతుంది. ఆ స్పాంజ్‌ని చేపలు తెచ్చే మూడు నాలుగు వారాల ముందే పెద్ద ట్యాంక్‌లో నడపండి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం, అమ్మోనియాని తినే బ్యాక్టీరియా దానికి పట్టాలి కదా. వల, బకెట్ విడిగా పెట్టుకోండి, టబ్బులో పెట్టిన చెయ్యి కడుక్కోకుండా పెద్ద ట్యాంక్‌లో పెట్టకండి.

ఎన్నాళ్లుంచాలి అంటే నా మాట నాలుగు వారాలు. నా చేపలకొచ్చిన ఆ తెల్ల చుక్కల జబ్బు, వైట్ స్పాట్ పురుగు చేప చర్మం కింద పెరిగి, రాలి అడుక్కి పోయి, అక్కడ ఒకటి వందలై మళ్లీ చేపల్ని వెతుక్కుంటూ నీళ్లలో ఈదుతుంది, మందు పనిచేసేది అలా ఈదే దశలోనే. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఈ చక్రం తిరగడానికి ఇంచుమించు వారం పడుతుంది, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా చాలా ఎక్కువ. రెండ్రోజులు చూసి బాగానే ఉన్నాయిలే అనుకుంటే సరిపోదు.

ఇక మన ట్యాంక్ సంగతి. పాతవి బాగున్నాయంటే నీళ్లు బాగున్నట్టే అనుకోకండి, నైట్రేట్ (బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చాక చివరికి నీళ్లలో మిగిలేది) నెలల తరబడి మెల్లగా పెరుగుతుంటే, పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో చెప్పే కొలత, తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) మెల్లగా దిగుతుంటే పాత చేపలు దానికి అలవాటు పడిపోతాయి, బయట్నించి వచ్చినవి మాత్రం తట్టుకోలేవు. కొత్తవి మాత్రమే చచ్చిపోతున్నాయి అనే వాళ్లు ముందు ఇది చూసుకోవాలి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో వచ్చే విషం) సున్నా, నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) లోపు, 20 లోపైతే ఇంకా మంచిది. ఎక్కువుంటే ఒకేసారి సగం నీళ్లు మార్చేయకండి, పాతవాటికి దెబ్బ తగులుతుంది, రెండ్రోజులకోసారి పది శాతం చొప్పున మార్చుకుంటూ దించండి.

కవరు తెచ్చాక లైట్ ఆపేసి, విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు టబ్బు నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత చేపల్ని ఆ నీళ్లతోనే చిన్న బకెట్‌లోకి వంచి, ఎయిర్ ట్యూబుకి ఒక వదులు ముడి వేసి నోటితో పీల్చి టబ్బులోంచి బకెట్‌లోకి నీళ్లు దిగనివ్వండి, ముడి బిగించే కొద్దీ చుక్కలు నెమ్మదిస్తాయి, సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా చూసుకుని బకెట్లో నీళ్లు రెండింతలు దాటాక వలతో చేపల్ని మాత్రమే తీసి టబ్బులో వదలండి, ఆ నీళ్లు పారబోసేయండి. కానీ ఇది ఒకటి రెండు గంటల్లో ఇంటికొచ్చిన చేపలకే. రోజంతా కవర్లో ప్రయాణం చేసినవైతే ఇలా చుక్కలు చుక్కలుగా చెయ్యొద్దు, ఎందుకంటే కవర్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది, అందువల్లే అక్కడున్న అమ్మోనియా పెద్దగా హాని చెయ్యదు, కవరు విప్పగానే ఆ గ్యాస్ పోయి పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. వాటికి వేడి సమానం చేసి, విప్పగానే వలతో తీసి సిద్ధంగా ఉన్న టబ్బులోకి మార్చేయడమే.

మూడో వారం నుంచి టబ్బులో నీళ్లు మార్చేటప్పుడు పెద్ద ట్యాంక్ నీళ్లే పోస్తూ ఉండండి, మారే రోజుకి వాటికి ఆ నీళ్లు అలవాటైపోతాయి. టబ్బు నీళ్లు మాత్రం ఇటు రాకూడదు.

పెద్ద ట్యాంక్‌లోకి వదిలే రోజు పాతవాటికి ముందు తిండి పెట్టేయండి, సిక్లిడ్స్ లాంటి కొట్లాట చేపలుంటే రాళ్లు, కర్రలు కాస్త జరిపి పెట్టండి, ఎవరి చోటు ఎవరిదో అవీ మళ్లీ మొదట్నించి చూసుకుంటాయి కాబట్టి కొత్తదాని మీద పడటం తగ్గుతుంది. లైట్ రాత్రంతా ఆపే ఉంచండి. ఒకట్రెండు రోజులు తరుముకోవడం మామూలే, రెక్కలు చిరిగినా, మూల నుంచి కదలకుండా తిండి మానేసినా జాలీ డబ్బాలో వేసి నాలుగైదు రోజులు అదే ట్యాంక్‌లో ఉంచండి, ఒకదాన్నొకటి చూసుకుంటూ సర్దుకుంటాయి. గుంపుగా తిరిగే చేపలైతే ఆరింటినీ కలిపే వదలాలి, మిగతావి రెండు మూడు చొప్పున చాలు. ఆ వారం తిండి కాస్త తగ్గించి రోజూ అమ్మోనియా చూడండి, కొంచెం కనపడినా పావు వంతు నీళ్లు మార్చేసి తర్వాతి బ్యాచ్‌ని వాయిదా వెయ్యండి.