పోసిన ప్లాస్మిడా, కొత్తగా పుట్టిందా? ఎస్‌వీ40 ఒరిజిన్‌కు డీపీఎన్-1 పరీక్ష

కణాల్లోకి ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) పంపిన రెండు రోజులకు పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) బ్యాండ్ వస్తే రెప్లికేషన్ (డీఎన్‌ఏ నకలు తయారవడం) జరిగిందని రాసేయొద్దు. మనం పోసిందే ఇంకా మిగిలి ఉండొచ్చు. హన్మకొండ, వరంగల్‌లలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే.

ఎస్‌వీ40 అనే కోతి వైరస్ జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) ఐదు వేల పైచిలుకు బేస్ జతల వలయం. రెప్లికేషన్ మొదలవడానికి అందులో 64 జతల ముక్క చాలు, అదే ఒరిజిన్. ఆ ముక్క నడుమ జీఏజీజీసీ వరుస నాలుగుసార్లు ఉంటుంది. టీ యాంటిజెన్ అనే వైరస్ ప్రోటీన్ వాటిని పట్టుకుని, ఏటీపీ అందితే ఆరేసి అణువులతో రెండు ఉంగరాలు కడుతుంది. ఒక పక్క పోగులు విడిపోతాయి, ఏటీలు ఎక్కువున్న మరో పక్క మెలిక సడలుతుంది. మిగతా పనంతా కణం సొంత ఎంజైములదే. కాస్-7 అనే కోతి కణాల్లో టీ యాంటిజెన్ ముందే ఉంటుంది కాబట్టి అవే వాడాలి.

ప్లాస్మిడ్‌ను డీహెచ్5-ఆల్ఫా అనే ఇ.కోలై బ్యాక్టీరియాలోనే పెంచండి. ఆ బ్యాక్టీరియా జీఏటీసీ ఉన్నచోటల్లా మిథైల్ గుర్తు వేస్తుంది. కోతి కణాలు వేయవు. డీపీఎన్-1 అనే ఎంజైము గుర్తున్నదాన్నే కోస్తుంది, కాబట్టి కోయకుండా మిగిలేది కణాల్లో కొత్తగా పుట్టిందే.

ఆరు గుంటల ప్లేట్‌లో గుంటకు 1 మైక్రోగ్రామ్ ప్లాస్మిడ్ పంపండి. 48 గంటలయ్యాక పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, 0.6 శాతం ఎస్‌డీఎస్, 10 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న, కణాలను పగలగొట్టే ద్రావణం 400 మైక్రోలీటర్లు పోయండి. జనవరి పొద్దుగాల ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుంటుంది. 37 డిగ్రీల్లో కరిగించాకే వాడండి. పావుగంట తర్వాత 5 మోలార్ ఉప్పు నీళ్లు 100 మైక్రోలీటర్లు కలిపి, ట్యూబును మెల్లగా తిప్పండి. వోర్టెక్స్ చేస్తే క్రోమోజోముల డీఎన్‌ఏ తెగి పై నీళ్లలోకి వచ్చేస్తుంది. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి, కరెంటు పోయినా చల్లదనం తగ్గకుండా ఐసు పెట్టెలో. మర్నాడు అరగంట సెంట్రిఫ్యూజ్ చేసి, పై నీళ్లను ఫినాల్-క్లోరోఫామ్‌తో శుభ్రం చేసి, ఇథనాల్‌తో డీఎన్‌ఏ దింపండి.

డీపీఎన్-1తో 37 డిగ్రీల్లో రెండు గంటలు చాలు. ఎంజైము మరీ ఎక్కువేసి రాత్రంతా వదిలితే, ఒక్కసారే రెప్లికేట్ అయి ఒక పోగు మీదే గుర్తు మిగిలిన డీఎన్‌ఏ కూడా తెగుతుంది. ఎక్కువమంది తప్పేది ప్రైమర్ల (పీసీఆర్‌లో పెరిగే ముక్కకు రెండు హద్దులు వేసే చిన్న డీఎన్‌ఏలు) దగ్గర: వాటి నడుమ జీఏటీసీ లేకపోతే తెగిన డీఎన్‌ఏ కూడా పీసీఆర్‌లో పెరుగుతుంది. రెండు మూడు జీఏటీసీలు పడేలా ఒక జత, ఒక్కటీ పడకుండా మొత్తం డీఎన్‌ఏ కొలవడానికి మరో జత పెట్టండి.

ఒరిజిన్ తీసేసిన ప్లాస్మిడ్, టీ యాంటిజెన్ లేని సీవీ-1 కణాలు తప్పనిసరి కంట్రోళ్లు. ప్లాస్మిడ్ పంపని కణాల నుంచి తీసిన ద్రవంలో డీహెచ్5-ఆల్ఫా ప్లాస్మిడ్ కలిపి కోసి చూడండి. జీఏటీసీలున్న జతతో బ్యాండ్ ఇంకా వస్తే ఫినాలో ఎస్‌డీఎస్సో మిగిలి ఎంజైమును ఆపుతోంది. ఇథనాల్ దశ మళ్లీ చేసి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆ తర్వాతే అసలు నమూనాలు కోయండి.