స్ట్రెయిన్ ఎకో: నంబరు కంటే ముందు బొమ్మ

నెల్లూరు పొగతోటలో ఒక ఎకో (గుండె స్కాన్) గదిలో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు ముందు ఈఎఫ్, అంటే గుండె ఎడమ గది ఒక్కో బీట్‌కు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో, కొలవడం నేర్పిస్తాను. గుండె గోడ ఎంత పొట్టి అవుతుందో చెప్పే స్ట్రెయిన్ జోలికి మాత్రం ఆరు నెలలు పోనివ్వను. ఈఎఫ్‌లో తప్పు చేస్తే పక్కనున్నవాళ్లు కంటితో చూసి పట్టుకుంటారు. స్ట్రెయిన్‌లో అలా కాదు. బొమ్మ ఎంత అధ్వానంగా ఉన్నా, బటన్ నొక్కితే మెషీన్ ఒక నంబరు ఇచ్చేస్తుంది. దశాంశ బిందువు తర్వాత అంకె కూడా చూపిస్తుంది కాబట్టి అది నిజమే అనిపిస్తుంది.

ముందు అది ఏం కొలుస్తుందో అర్థం చేసుకోండి. గుండె ఎడమ గది గోడలో లోపలి పొర పోగులు నిలువుగా, వాల్వ్ దగ్గర నుంచి కొన వైపు నడుస్తాయి. గుండె ముడుచుకున్నప్పుడు ఆ గోడ పొట్టిదవుతుంది. 80 మిల్లీమీటర్ల గోడ 64కి వస్తే 16 తగ్గినట్టు, అంటే మైనస్ 20 శాతం. పొట్టి అయింది కాబట్టి మైనస్. గోడలన్నిటికీ కలిపి చూసేదే జీఎల్ఎస్ (గ్లోబల్ లాంగిట్యూడినల్ స్ట్రెయిన్). ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది మైనస్ 20కి అటూ ఇటూగా ఉంటుంది. బీపీ, షుగర్, కీమో మందులు, గుండె కండరానికి రక్తం చాలకపోవడం లాంటివి చాలాసార్లు ముందుగా దెబ్బతీసేది ఈ లోపలి పోగుల్నే. గుండ్రంగా తిరిగే మధ్య పోగులు ఆ లోటును కొన్నాళ్లు మోస్తాయి. అందుకే ఈఎఫ్ 60 ఉన్నా జీఎల్ఎస్ అప్పటికే పడిపోయి ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ దీన్ని ఎలా చూస్తుందో చెప్పడానికి నేను బాతుల్ని తెచ్చుకుంటాను. కోత అయిన మళ్లలో బాతుల మందను మేపుతారు కదా, గట్టు మీద నుంచి చూస్తే ఒక్కో బాతునీ గుర్తుపట్టలేం గానీ మంద ఎటు జరిగిందో తెలుస్తుంది. కండరం మీద కనపడే తెల్లటి, బూడిద చుక్కలు కూడా అంతే. చుక్కల గుంపును సాఫ్ట్‌వేర్ ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి వెంబడిస్తుంది. ఫ్రేమ్‌లు మరీ తక్కువైతే, చాలాసేపు కళ్లు మూసుకుని తెరిచినట్టు, మంద ఎటు పోయిందో దొరకదు. అందుకే ఫ్రేమ్ రేట్ సెకనుకు 40 నుంచి 80 మధ్య ఉండాలి. నేను 60 దాకా తెచ్చుకుంటాను. నాడి వేగంగా ఉంటే ఇంకా పెంచాలి.

ఇక పని. ఈసీజీ లీడ్లు పెట్టకుండా మొదలుపెట్టొద్దు. ఎండాకాలం మా దగ్గరికి వచ్చేవాళ్లు చెమటతో, మెడ కింద దాకా పౌడరు పూసుకుని వస్తారు, స్టిక్కర్లు అంటవు. దూదితో తుడిచి పెట్టండి. ఈసీజీలో ఆర్ అల (ఎత్తుగా లేచే గీత) తేలిగ్గా కనపడాలి, బేస్‌లైన్ ఊగకూడదు. తర్వాత ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తల కింద పెట్టించండి. ఆడవాళ్లయితే తెర వేసి, ఏం చేయబోతున్నామో ముందే చెప్పి, దుప్పటి కప్పండి. టెన్షన్‌లో ఉన్న మనిషి నాడి 70 నుంచి 95కి పోతుంది. మూడు వ్యూలు (గుండెను చూసే కోణాలు) మూడు వేర్వేరు నాడి వేగాల్లో తీస్తే వాటిని కలపడంలో అర్థం లేదు.

ఊపిరి గురించి మనం వాడే మాట కూడా ముఖ్యం. "బ్రెత్ హోల్డ్" అంటే మా పెద్దవాళ్లు ఛాతీ నిండా గాలి పీల్చి బిగపట్టేస్తారు, ఊపిరితిత్తి గుండెకు అడ్డం వచ్చి బొమ్మ మాయమవుతుంది. "పెద్దాయనా, గాలి పీల్చండి, మెల్లగా వదలండి, ఆ... అక్కడే ఆపండి" అంటాను. ఒకసారి ప్రోబ్ (ఛాతీ మీద ఆనించే పరికరం) పెట్టకుండానే చేయించి చూస్తాను. ఆ అర నిమిషం వృథా కాదు.

మొదట తీయాల్సింది ఎపికల్ త్రీ చాంబర్, అంటే కొన వైపు నుంచి చూసే వ్యూల్లో ఒకటి. అయోర్టిక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుందో అందులోనే కనపడుతుంది. ఆ క్షణమే సిస్టోల్ (గుండె ముడుచుకునే దశ) చివర. అది తప్పుగా గుర్తిస్తే మిగతా లెక్కంతా తప్పిపోతుంది. తర్వాత ఫోర్ చాంబర్, టూ చాంబర్. మూడూ వెంటవెంటనే, ఒక్కోదానికి కనీసం మూడు బీట్లు. డెప్త్ తగ్గించి ఎడమ వెంట్రికల్ (కింది గది) తెర నిండేలా చూసుకోండి. మైట్రల్ వాల్వ్ అంచు కనపడితే చాలు, ఏట్రియం (పై గది) మొత్తం అక్కర్లేదు. సెక్టార్ (తెర మీది విసనకర్ర ఆకారపు బొమ్మ) సన్నం చేస్తే ఫ్రేమ్ రేట్ పెరుగుతుంది, కానీ పక్క గోడ సిస్టోల్‌లోనూ డయాస్టోల్‌లోనూ (గుండె సడలినప్పుడు) తెర లోపలే ఉందో లేదో చూడండి.

అన్నిటికంటే ఎక్కువసేపు నేను నిలబడేది కొన దగ్గర. ప్రోబ్ ఒక పక్కటెముక పైకి పోతే గుండెను ఏటవాలుగా కోసినట్టు అవుతుంది. అప్పుడు కొన గుండ్రంగా, మందంగా కనపడి, బీట్ బీట్‌కీ లోపలికి దూకుతుంది. అసలైన కొన సన్నగా ఉంటుంది, దాదాపు కదలదు. ఏటవాలు బొమ్మలో కొన స్ట్రెయిన్ ఉన్నదానికంటే మెరుగ్గా వస్తుంది, పాడైన గుండె బాగున్నట్టు చూపిస్తుంది. అనుమానం వస్తే ఒక పక్కటెముక కిందికి దిగి, ఇంకొంచెం పక్కకు వెళ్లి వెతకండి. ఫోర్ చాంబర్‌లో, టూ చాంబర్‌లో వెంట్రికల్ పొడవు కొలవండి. రెండూ దగ్గరగా రాకపోతే ఒకదాంట్లో మీరు కొనను పట్టుకోలేదన్నమాట.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మైట్రల్ వాల్వ్ అంచుల్లో రెండు చుక్కలు, కొన దగ్గర ఒకటి పెడితే అది గోడ మీద పట్టీ గీస్తుంది. ఈ పట్టీయే మన పని. చాలా వెడల్పు చేస్తే బయట మెరిసే పొర, పెరికార్డియం, పట్టీ లోపలికి వస్తుంది. పెరికార్డియం పెద్దగా కదలదు కాబట్టి స్ట్రెయిన్ తక్కువ వస్తుంది. గది లోపల వాల్వ్ తాళ్లను పట్టుకునే పాపిల్లరీ కండరాన్ని గోడలో కలపొద్దు. త్రీ చాంబర్‌లో వాల్వ్ వైపు ఔట్‌ఫ్లో దారిలోకి (రక్తం బయటికి పోయే దారి) పట్టీ జరిగిపోకుండా చూడండి.

తర్వాత అంకె చూడకండి. నిజంగానే చెబుతున్నాను, తెర మూల మీద చెయ్యి అడ్డం పెట్టుకోండి. వీడియో నెమ్మదిగా నడిపి, పట్టీ కండరంతో పాటే కదులుతోందా, కండరం ఒక దారి పట్టీ ఇంకో దారి పోతోందా చూడండి. మెషీన్ పచ్చ గుర్తు పెట్టినా మీ కన్ను ఒప్పుకోకపోతే అది తప్పే. పట్టీ సరిచేసి మళ్లీ నడపండి. ఒక వ్యూలో సాఫ్ట్‌వేర్ విడగొట్టిన గోడ ముక్కల్లో రెండు కంటే ఎక్కువ వాటిని సరిగ్గా పట్టుకోకపోతే జీఎల్ఎస్ ఇవ్వకూడదు. "బొమ్మ సరిపోలేదు, స్ట్రెయిన్ చేయలేదు" అని రాయడానికి సిగ్గుపడొద్దు.

బీపీ సంగతి నా సొంత తప్పుతోనే నేర్చుకున్నాను. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఆయన ఒకరు తెల్లవారి బస్సుకు వచ్చారు. రాత్రంతా ఏరేటర్ల దగ్గర నిద్ర లేదు, బీపీ మాత్ర వేసుకోలేదు. నేను బీపీ చూడలేదు. బొమ్మ చక్కగా ఉంది, జీఎల్ఎస్ మైనస్ 15 వచ్చింది, రాసిచ్చేశాను. ఇంట్లోవాళ్లు ఏడ్చారు. డాక్టర్ గారి గదిలో చూస్తే 190/110. బీపీ అదుపులోకి వచ్చాక మళ్లీ తీస్తే మైనస్ 18 దాటింది. గుండె అంత ఒత్తిడికి ఎదురు తోస్తుంటే గోడ తక్కువ పొట్టి అవుతుంది, అది నాకు తెలియనిది కాదు. కానీ కొలవలేదు. ఆ రోజు నుంచి బీపీ రాయని స్ట్రెయిన్ రిపోర్టు నా చేతి నుంచి పోలేదు.

బుల్స్ ఐ బొమ్మలో, అంటే గోడలన్నిటి స్ట్రెయిన్‌ను ఒకే గుండ్రటి పటంలో చూపేదాంట్లో, రంగుల్ని తొందరపడి చదవొద్దు. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లలో మూసుకుపోయిన రక్తనాళం రక్తం అందించే చోటే లేత రంగు (తక్కువ స్ట్రెయిన్) కనపడుతుంది. చుట్టూ పాలిపోయి, నడుమ కొన మాత్రం ముదురు ఎరుపులో మిగిలితే, గోడలు మందంగా కూడా ఉంటే, అమిలాయిడోసిస్ (గుండె కండరంలో ఒక రకం ప్రోటీన్ పేరుకునే జబ్బు) అనుమానం డాక్టర్‌కు నోటితో కూడా చెప్పండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (నాడి లయ తప్పే జబ్బు) ఉంటే ఒక్క బీట్‌ను నమ్మొద్దు. ఆర్-ఆర్ దూరం (ఒక ఆర్ అల నుంచి తర్వాతి దాకా) దాదాపు సమానంగా ఉన్న బీట్లు వెతికి, ఒకటికి మించి సగటు తీయండి. కుడి వెంట్రికల్‌కు బయటి గోడ మూడు ముక్కలనే చూస్తారు, మైనస్ 20 కంటే బలహీనంగా వస్తే తేడా ఉన్నట్టే.

కీమో తీసుకునేవాళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కోవూరు నుంచి వచ్చే ఒక అమ్మ రొమ్ము క్యాన్సర్‌కు డాక్సోరుబిసిన్ అనే కీమో మందు మొదలుపెట్టకముందు మా దగ్గర ఎకో తీయించుకుంది. ఈఎఫ్ 60, జీఎల్ఎస్ మైనస్ 20.5. కొన్ని నెలలకు ఈఎఫ్ 58, చూస్తే మార్పే లేదు. జీఎల్ఎస్ మాత్రం మైనస్ 16.8. మొదటిదాంతో పోల్చితే 18 శాతం తగ్గింది. 15 శాతం దాటితే పట్టించుకోవాలి. మళ్లీ అదే మెషీన్ మీద, ఇంకో రోజు, బీపీ చూసి తీశాను. అదే వచ్చింది. కార్డియాలజిస్టూ క్యాన్సర్ డాక్టరూ మాట్లాడుకుని గుండె మందులు మొదలుపెట్టారు, కీమో ఆగలేదు. మొదటి రోజు స్ట్రెయిన్ తీసి ఉండకపోతే మైనస్ 16.8ని దేనితో పోల్చేవాళ్లం? అందుకే కీమోకు ముందు ఎకో అని చీటీ వస్తే, అడగకపోయినా స్ట్రెయిన్ తీసి పెట్టండి. మెషీన్ కంపెనీ మారితే నంబరు కొంత మారుతుంది కాబట్టి "మీరు ప్రతిసారీ ఇక్కడికే రండమ్మా, ఇదే మెషీన్ మీద తీస్తాం" అని చెప్పి పంపండి.

రిపోర్టులో జీఎల్ఎస్ పక్కన మెషీన్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, బీపీ, నాడి, ఫ్రేమ్ రేట్, వదిలేసిన ముక్కలు ఉంటే అవి రాయండి. మైనస్ గుర్తు వదలొద్దు. మైనస్ 20 నుంచి మైనస్ 16కి వస్తే "పెరిగింది" అని కాకుండా "తగ్గింది" అనే రాయండి. మూడు వీడియోలూ చెరిపేయకుండా దాచండి. ఆరు నెలల తర్వాత ఆ అమ్మ మళ్లీ వచ్చినప్పుడు పాత పట్టీ ఎక్కడ గీశారో తెరిచి చూసుకోవాలి.