డైలాగు నోటికి రావాలంటే ముందు ఎదుటివాళ్ల మాట పట్టుకోండి

సీన్ పేపరు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, తమ డైలాగుల కింద రంగు గీతలు గీసుకోవడం. మీరు ఆ పని చేయకండి. గీత పడ్డాక కళ్లు దాని వెంటే పోతాయి, ఎదుటి పాత్ర మాటలు కంటికి ఆనవు. సెట్లో మాట తడబడ్డవాళ్లని పక్కనే నిలబడి చూశాను. చాలాసార్లు వాళ్లకి పోయింది సొంత డైలాగు కాదు, దానికి ముందు ఎదుటివాళ్లు ఏమన్నారన్నది.

నేను వేసేవి లాయరు, డాక్టరు, పెళ్లికూతురి పిన్ని లాంటి పాత్రలు. సీరియల్లో పేజీలు పొద్దున వస్తే మధ్యాహ్నానికి షాట్. సినిమాకి కొన్ని రోజుల ముందే రావచ్చు గానీ, చివరి సీను ముందు తీసి మొదటి సీను ఎప్పుడో తీస్తారు. రెండిటికీ పనికొచ్చే దారి ఒకటే: మాటకన్నా ముందు ఆ మాట ఎందుకు వచ్చిందో పట్టుకోవడం.

ఒక చిన్న సీను తీసుకుందాం. ఇల్లు అమ్మిన అక్క, ఆలస్యంగా వచ్చిన తమ్ముడు. మీది అక్క పాత్ర.

తమ్ముడు: సంతకం పెట్టేశావా?
అక్క: పెట్టాను. నిన్న ఫోన్ చేస్తే ఎత్తలేదు, పొద్దున చేస్తే రానన్నావు, ఇంకెవరి కోసం ఆగాలి నేను?
తమ్ముడు: నాన్న గది కూడానా?
అక్క: గది ఒక్కటీ ఎలా ఆపుతాంరా, ఇల్లే పోయాక.

ముందు సీనంతా నోరు మెదపకుండా మూడు నాలుగుసార్లు చదవండి. తర్వాత తమ్ముడి డైలాగులు మాత్రమే చదివి, ఒక్కోదానికి అక్క లోపల ఏమవుతుందో మీ సొంత మాటల్లో చెప్పుకోండి. మొదటి ప్రశ్నలో నింద ఉంది, అందుకే ఆమె సంజాయిషీకి దిగుతుంది. ఆ సంజాయిషీలో రెండు ఫిర్యాదులు. కొత్తవాళ్లు తారుమారు చేసేది ఇక్కడే: పొద్దుటి మాట ముందు చెప్పి నిన్నటి సంగతి తర్వాత చెప్తారు. వరస ఎందుకలా ఉందో చూడండి. ఫోన్ ఎత్తకపోవడం నిర్లక్ష్యం, రానని మొహం మీద చెప్పడం అంతకన్నా పెద్ద దెబ్బ. కోపం పెరుగుతూ పోయి ప్రశ్న దగ్గర బద్దలవుతుంది. అది అర్థమైతే వరస తప్పమన్నా తప్పదు. 'నాన్న గది' అనగానే ఆ కోపం దిగిపోతుంది. చివరి డైలాగులో 'రా' చేరింది కూడా అందుకే. ఆ 'రా' మింగేస్తే తమ్ముడితో కాదు, ఇల్లు కొన్నవాడితో మాట్లాడినట్టుంటుంది.

మనస్తత్వ పరిశోధకురాలు హెల్గా నాయిస్, రంగస్థలం నుంచి వచ్చిన టోనీ నాయిస్ కలిసి వృత్తి నటులు పాఠం ఎలా గుర్తుపెట్టుకుంటారో ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్లకి కనబడిందీ ఇదే: నటులు మాటల్ని బట్టీ కొట్టడంతో మొదలుపెట్టరు, పాత్ర ఆ మాట ఎందుకంటోందో వెతుకుతారు. కదులుతూ చెప్పిన మాటలు బాగా నిలుస్తాయని కూడా వాళ్లు గమనించారు.

అర్థం చేతికొచ్చాక అక్షరం పొల్లు పోకుండా పట్టాలి. ఒక అట్టముక్కతో పేజీ కప్పి, తమ్ముడి మాట చూసి, మీ మాట చూడకుండా చెప్పి, ఆ తర్వాతే అట్ట జరపండి. తప్పు పోయినా సరే, ముందు జ్ఞాపకం నుంచి లాగాలి. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసిందనిపిస్తుంది, మర్నాటికి ఉండదు. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలోనూ అంతే: ఐదు నిమిషాలకి పరీక్షిస్తే తిరిగి చదివినవాళ్లదే పైచేయి, వారం తర్వాత చూస్తే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఒక మాట పదేపదే జారుతుంటే, ప్రతి పదానికీ మొదటి అక్షరం మాత్రం కాగితం మీద రాసుకోండి: ని ఫో చే ఎ, పొ చే రా. దాన్ని చూసి పూర్తి మాట చెప్పండి. రెండు మూడు సార్లకి ఆ కాగితం కూడా అక్కర్లేదు.

ఈ దశలో భావం పెట్టకండి. ఇది నేను గట్టిగా నమ్మే విషయం. అమెరికాలో నటన నేర్పిన గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ తన విద్యార్థుల చేత డైలాగుల్ని ఏ రాగమూ లేకుండా, యాంత్రికంగా వల్లె వేయించేవాడు. ఇంట్లో ఒక రాగం కట్టి నేర్చుకుంటే సెట్లో ఎదుటి నటుడు నెమ్మదిగా అడిగినా మీరు ఆ పాత రాగంలోనే అరుస్తారు. దర్శకుడు 'కొంచెం తగ్గించి చెప్పండి' అన్నాడా, రాగంతో పాటు మాటలూ ఎగిరిపోతాయి.

ఫోన్లో తమ్ముడి డైలాగులు మాత్రం రికార్డు చేసి, మీ మాటకి ఖాళీ వదలండి. గిన్నెలు కడుగుతూనో మెట్లెక్కుతూనో జవాబులు చెప్పండి. చేతులు వేరే పనిలో ఉన్నప్పుడూ మాట ఆగకపోతేనే వచ్చినట్టు. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, లేచాక పేపరు ముట్టకుండా ఒకసారి.

పెద్ద స్పీచ్ ఉంటే చివరి ముక్క ముందు నేర్చుకుని వెనక్కి రండి. అలా చేస్తే ఎప్పుడూ కొత్తదాన్నుంచి బాగా వచ్చినదాని వైపు నడుస్తారు. ముక్కలు చేసేటప్పుడు ఫుల్‌స్టాపులు చూడకండి, ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడ కోయండి.

స్టేజీకి లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. అదే సీను, అందరూ కనబడే మాస్టర్ షాట్‌లో ఒకసారి, ఎదుటి నటుడి భుజం మీదుగా మిమ్మల్ని చూపే సజెషన్‌లో ఒకసారి, క్లోజప్‌లో మళ్లీ చెప్పాలి. మాస్టర్‌లో 'ఆగాలి నేను' దగ్గర తాళాలగుత్తి బల్ల మీద పెడితే క్లోజప్‌లోనూ అక్కడే పెట్టాలి, లేకపోతే ఎడిటింగ్‌లో రెండు షాట్లూ అతకవు. కాబట్టి ఇంట్లోనే చేతిలో ఏదో ఒక గుత్తి పట్టుకుని చెప్పండి. దర్శకుడు చోటు మార్చినా ఫరవాలేదు. మాటకి చెయ్యి తోడుండటం అలవాటైతే కొత్త చోటు వెంటనే పట్టుబడుతుంది.

షాట్‌కి ముందు డైలాగు మార్చి ఇస్తే కంగారుగా పదిసార్లు చదవకండి. ఆలోచన మారిందా, మాటలే మారాయా అని అడగండి. మారిన వాక్యం మీ చేత్తో రాసి, ఎదుటి నటుడితో కలిసి రెండుసార్లు చెప్పి చూసుకోండి.

టేకులో మాట పోతే కెమెరా వైపు చూడకండి, సారీ అనకండి. ఎదుటి నటుడి కళ్లలోకి చూస్తూ పాత్రలోనే ఉండండి. చాలాసార్లు అతని మొహం చూస్తేనే మాట తిరిగొస్తుంది. ఒక టేకులో ఈ ముక్క, ఇంకో టేకులో ఆ ముక్క తీసుకుని కలుపుతారు, కాబట్టి అక్కడిదాకా చేసింది వృథా కాదు. అంతటి హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండో కూడా సెట్లో డైలాగులు రాసిన క్యూ కార్డులు పెట్టించుకునేవాడు. ప్రాంప్టింగ్ అడగడానికి మొహమాటం వద్దు. అయితే షాట్ మొదలవక ముందే అసిస్టెంట్ డైరెక్టర్‌తో చెప్పి ఉంచండి: డైలాగంతా అందించొద్దు, మొదటి రెండు మాటలు, అవీ రాగం లేకుండా అందిస్తే చాలని.