బయటి ఊరి సపోర్టర్లు వచ్చే గేటు కాడ డ్యూటీ ఎట్ల చెయ్యాలె

హన్మకొండలనో కాజీపేటలనో కరీంనగర్‌లనో ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడ్తే గ్రౌండ్‌ల లైన్లు గీసుడు, రెఫరీలను పిలుసుడు, ట్రోఫీ, సౌండ్ బాక్సులు అన్నీ టైమ్‌కి చూస్కుంటరు గని గేట్ల కాడ నిలబడే వాలంటీర్ల సంగతి మ్యాచ్ రోజు పొద్దున దాకా ఎవ్వరూ పట్టించుకోరు, అప్పుడు ఎన్‌సీసీ పోరగాళ్లకు, డిగ్రీ కాలేజ్ పిల్లలకు ఒక జాకెట్ తొడిగిచ్చి చేతిల విజిల్ పెట్టి పొండ్రి అంటరు. అండ్ల గూడ బయటి ఊరోళ్లు వచ్చే గేటుకు మంచి బాడీ ఉన్నోన్ని, గట్టిగ ఒర్రేటోన్ని ఏస్తరు. నన్నడిగితే ఆ గేటుకు మీ టీమ్‌ల అందరికంటే ఓపిక ఉన్నోళ్లు, నవ్వుకుంట మాట్లాడేటోళ్లు పోవాలె. బెల్లంపల్లి నుంచో గోదావరిఖని నుంచో వచ్చినోళ్లకు మన స్టేడియం తెల్వది, బాత్రూం ఏడుందో తెల్వది, ఏ మెట్లెక్కితే ఎటు పోతమో తెల్వది, దారి తెల్వని మనిషి మీద ఎవడన్న ఒర్రితే వాడు ఇంక బిగుసుకుంటడు.

ముందుగాల మీ పనేందో తెల్సుకోండ్రి. ఇంగ్లండ్‌ల ఈ డ్యూటీ చేసేటోళ్లను స్టీవార్డ్ అంటరు, పచ్చటి పసుపు జాకెట్ ఏస్కొని జనం దిక్కు మొఖం పెట్టి నిలబడ్తరు సూడుండ్రి టీవీల, వాళ్లే. వాళ్లు పోలీసులు గారు, పోలీస్ పవర్లు ఏం ఉండయి, మనిషి జేబులు, బ్యాగు వెతకాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలె, ఒప్పుకోకపోతే లోపలికి రానియ్యకుండ ఆపొచ్చు, గంతే. మన వాలంటీర్లకు గూడ అంతకు మించి ఏం లేదు. చెయ్యి ఎత్తుడు, కాలర్ పట్టుడు, ఫోన్ గుంజుకునుడు ఇవి మీ పనిల లేవు, నిజంగ కొట్లాట అయితే పక్కన డ్యూటీల ఉన్న కానిస్టేబుల్‌ను పిలవాలె.

మ్యాచ్‌కి నాలుగైదు రోజుల ముందే అవతలి టీమ్ మేనేజర్‌కు ఫోన్ చెయ్యండ్రి, ఇది అస్సలు మర్చిపోవద్దు. ఎంతమంది వస్తున్నరు, ఎట్ల వస్తున్నరు, ఆర్టీసీ బస్సు కిరాయికి మాట్లాడుకున్నరా, డీసీఎంల వస్తున్నరా, రైలుకు కాజీపేటల దిగుతున్నరా, ఆడోళ్లు పిల్లలు ఎంతమంది, వీల్‌చైర్‌ల వచ్చేటోళ్లు ఉన్నరా, డప్పులు తెస్తున్నరా, జెండాలకు కట్టెలు ఉన్నయా. ఇవన్నీ అడిగి మీ గేటు ఏది, బండ్లు ఏడ పెట్టాలె, ఏమేం తేవొద్దు అన్నది వాళ్ల వాట్సాప్ గ్రూపుల పడేటట్టు చూడుండ్రి, గేటు కాడ వచ్చే పంచాయితీ సగం అక్కడ్నే తెగుతది. ఇంగ్లండ్‌ల బయటి గ్రౌండ్‌కు పోయే క్లబ్బులు చానవరకు తమ స్టీవార్డ్‌లను గూడ ఎంట తీస్కపోతయి, తమ ఫ్యాన్స్ మొఖాలు వాళ్లకే తెలుస్తయి గదా. యూరప్‌ల అయితే అక్కడి ఫుట్‌బాల్‌ను నడిపించే సంఘం యూఈఎఫ్ఏ 2012 నుంచి క్లబ్ లైసెన్స్ కావాల్నంటే సపోర్టర్లతోటి మాట్లాడేతందుకు ఒక మనిషి ప్రత్యేకంగ ఉండాల్సిందే అని రూల్ పెట్టింది. మనం అంత పెద్ద ఏర్పాటు చెయ్యలేం గని, ఆ ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులను అడిగి వాళ్లకు గూడ మన జాకెట్లే ఇచ్చి గేటు కాడ నిలబెట్టుండ్రి. మీరు పదిసార్లు చెప్పినా వినని పోరడు వాళ్ల ఊరి కాక ఒక్కసారి 'ఏయ్ కూసో బిడ్డా' అంటే కూసుంటడు.

జాగ ఇచ్చేటప్పుడు వేరే సెక్షన్ ఇయ్యండ్రి, కలిపెయ్యొద్దు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌ల మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ చూడనీకి పోయిన 16 మంది సపోర్టర్లు పానం పోగొట్టుకున్నరు, ఆ రోజు రెండు టీమ్‌ల వాళ్లు ఒకే స్టాండ్‌ల కలిసి కూసున్నరు, గ్రౌండ్‌ల గొడవ పైకి పాకింది. వేరే సెక్షన్ అంటే మూలకు తోసేసుడని గాదు మళ్ల. సాయంత్రం మ్యాచ్‌కి తూర్పు దిక్కు గ్యాలరీల కూసున్నోళ్లకు ఎండ నేరుగా కండ్లల్ల కొడ్తది, ప్రతిసారి బయటోళ్లకు అదే ఇచ్చి నీళ్ల డ్రమ్ము, బాత్రూం అన్నీ మనోళ్ల దిక్కు పెట్టుకుంటే వాళ్లు రాంగ రాంగనే కోపంతోటి ఉంటరు. నేను సపోర్టర్‌గ బయటి ఊరికి పోయినప్పుడు గిట్లనే నీళ్లు లేని దిక్కు కూసోబెట్టిన్రు, నీళ్ల కోసం బయటికి పోతే మళ్ల లోపటికి రానియ్యమన్నరు, మాతోటి వచ్చిన ఒక ముసలాయన ఫస్ట్ హాఫ్ అయ్యేసరికి సొమ్మసిల్లే పరిస్థితి. ఒక డ్రమ్ము నీళ్లు, నాలుగు గ్లాసులు, అంతే ఖర్చు.

తాత్కాలిక కట్టెల గ్యాలరీ కట్టిస్తే అండ్ల జనాన్ని నింపే ముందు ఇంజనీర్‌తోటి చూపించుండ్రి. 2021 మార్చిల సూర్యాపేటల జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల కాడ గ్యాలరీ కూలి వంద మందికి పైగ దెబ్బలు తగిలినయి, అది మనకు ఎంత దూరం.

ఇగ గేటు లెక్క. ఇంగ్లండ్‌ల గ్రౌండ్ల సేఫ్టీకి గ్రీన్ గైడ్ అని ఒకటుంది, అండ్ల ఒక్కొక్కరే దాటే ఒక్క గేటు నుంచి గంటకు 660 మందికి మించి పోతరని లెక్క కట్టొద్దని ఉంటది. అంటే అరగంటకు 330. మనకాడ జనం అంతా కిక్‌ఆఫ్‌కు అరగంట ముందే ఒక్కసారి దిగుతరు గదా, 600 మంది వస్తున్నరంటే ఒక్క గేటుతోటి పని గాదు, పైకెల్లి బ్యాగులు చూసుడు పెడ్తే ఇంక స్లో అయితది. కాబట్టి రెండు మూడు లైన్లు, అండ్ల ఒకటి ఆడోళ్లకు, పిల్లలున్నోళ్లకు, లైన్ మొదట్ల గాదు చివర్ల ఒక వాలంటీర్. చివర్ల ఎందుకంటే, మేడారం క్యూలల్ల తోపులాట ఎట్ల మొదలైతదో మనోళ్లకు తెల్సిందే, ముంగట ఎందుకు ఆగిందో ఎన్కోళ్లకు కనవడది, ఏమైందో తెల్వక తోస్తరు. చివర్ల ఉన్నోడు 'అన్నా పది నిమిషాలు పడ్తది, మ్యాచ్ ఇంక స్టార్ట్ గాలేదు' అని చెప్పుకుంట ఉంటే ఆ తోపు ఆగుతది. నిజంగ లేట్ అయితే కిక్‌ఆఫ్ పావుగంట ఆపమని నిర్వాహకులను అడగండ్రి, ఆపి ఆ మాట మైకుల అనౌన్స్ చెయ్యాలె.

వెతుకుడు ఎట్ల అంటే, ముందు నమస్తే పెట్టుండ్రి, నిజంగనే పెట్టుండ్రి. 'నమస్తే అన్నా, ఎక్కడికెల్లి వచ్చిన్రు? జర బ్యాగు ఈ టేబుల్ మీద పెట్టి మీరే జిప్పు తియ్యుండ్రి.' జిప్పు వాళ్లు తియ్యాలె, లోపట వస్తువులు వాళ్లే అటు ఇటు జరపాలె, మీరు టార్చ్ పట్టి చూడాలె, మీ చెయ్యి అండ్ల పోవద్దు. రేపు పైసలు పోయినయి అంటే ఆ మాట మీ మీదికి రాదు. జేబులు తడమాల్నంటే 'చూడొచ్చా అన్నా' అని అడిగి, అరచెయ్యి గాకుండ చెయ్యి ఎన్క దిక్కుతోటి పైపైన చూడుండ్రి. ఆడోళ్లను ఆడ వాలంటీర్లే చూడాలె, పరదా కట్టిన జాగల చూడాలె, ఆడ వాలంటీర్ లేకపోతే ఆ లైన్ల వెతుకుడే పెట్టుకోవద్దు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి ఇంచు దూరం గూడ చెయ్యొద్దు. షుగర్ గోళీలు, ఇన్సులిన్, పాలసీసా ఇవి ఆపొద్దు. పటాకులు, లైటర్లు, సీసాలు, మందు, ఇవి ఎవరిదైనా ఆపుడే, మన ఊరోళ్లదైనా బయటోళ్లదైనా ఒక్కటే రూల్, రెండు గేట్ల కాడ రెండు రూల్స్ పెడ్తే ఆ సంగతి పది నిమిషాల్ల ఫోన్లల్ల తిరుగుతది. వాటర్ బాటిల్‌కు ఇంగ్లండ్‌ల చాన గ్రౌండ్ల కాడ ఒక పద్ధతుంది, మూత తీస్కొని బాటిల్ ఇచ్చేస్తరు, మూత లేని బాటిల్ ఇసిరితే నీళ్లన్నీ దారిల్నే పోతయి, అది దెబ్బ తగిలేటంత బరువుండది. ఈ ఎండల్ల మనకు గూడ అదే మంచిది. ఆపిన వస్తువుకు చీటి రాసియ్యండ్రి, పోయేటప్పుడు తిరిగియ్యండ్రి, డస్ట్‌బిన్‌ల ఎయ్యొద్దు. డప్పులు రానియ్యండ్రి, జెండా రానియ్యండ్రి, లావు వెదురు కట్టె మాత్రం బయట పెట్టిచ్చి సన్నటి ప్లాస్టిక్ పైపు మీ దగ్గరే నాలుగు ఉంచుకొని అది ఇయ్యండ్రి. ఆ ఒక్క పైపుతోటి దొరికే మంచితనం మీకు రెండు గంటలు పనికొస్తది.

గేటు దాటినంక పనైపోయిందని అనుకుంటరు, అసలు పని లోపట్నే ఉంటది. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్ షెఫీల్డ్‌ల హిల్స్‌బరో గ్రౌండ్ కాడ లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, రెండు టీమ్‌ల వాళ్లకు అది బయటి ఊరే. లివర్‌పూల్ వాళ్లకు ఇచ్చిన దిక్కు గేట్లు తక్కువ, బయట జనం పేరుకపోయిన్రు, పోలీసులు పెద్ద ఎగ్జిట్ గేటు తెరిచిన్రు. లోపటికి వచ్చినోళ్లకు ఎదురుంగ సొరంగం లాంటి దారి ఒకటి కనవడ్డది, అది నేరుగ నడిమిట్ల ఉన్న కంచెల లోపటికి పోతది, అవి అప్పటికే నిండిపోయి ఉన్నయి. పక్కలకు ఖాళీ జాగ ఉండె. ఆ సొరంగం మూసి 'ఇటు పొండ్రి' అని చెప్పే మనిషి లేడు. 97 మంది చచ్చిపోయిన్రు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసున పట్టది, ఒక్క మనిషి ఆ దారికి అడ్డం నిలబడి చెయ్యి పక్కకు చూపిస్తే సరిపోయే పని అది. కాబట్టి మీ సెక్షన్‌ల ఎంతమంది పడ్తరో ముందే లెక్క రాసుకోండ్రి, గేటు కాడ ఒకరు క్లిక్కర్‌తోటి, అంటే నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న మిషిన్‌తోటి లెక్కపెట్టాలె, నిండినాక ఆపాలె, లోపట మెట్ల మొదట్ల ఒక మనిషి నిలబడి ఖాళీ ఉన్న దిక్కు పంపాలె. నిలబడి చూసే జాగ అయితే 10 చదరపు మీటర్లకు 47 మంది అన్నది గ్రీన్ గైడ్‌ల పై లెక్క, అది గూడ కడ్డీలు, మెట్లు అన్నీ పక్కాగ ఉన్నకాడ, మన గ్రౌండ్లకు అండ్ల సగం పెట్టుకుంటే మేలు.

మ్యాచ్ నడుస్తున్నప్పుడు మీ ఈపు గ్రౌండ్‌కు, మొఖం జనానికి. ఇది కష్టం, నాకు తెల్సు, ఆట ఇష్టం లేకపోతే మీరు ఈ పనికే రారు గదా, అయినా ఎనక గోల్ అయితే ఎనక్కి చూడొద్దు, మన టీమ్ గోల్ కొడ్తే బయటోళ్ల ముంగట ఎగరొద్దు, మన టీమ్ జెర్సీ ఏస్కొని ఆ సెక్షన్‌ల డ్యూటీకి రావొద్దు. వాళ్లు లేసి నిలబడ్తరు, పాడ్తరు, మన టీమ్‌ను ఎక్కిరిస్తరు, అది ఆటల ఉండేదే, చెయ్యనియ్యండ్రి. నడిచే మెట్లు, దారి ఈ రెండు మాత్రం ఖాళీగ ఉండాలె, దీంట్ల మొహమాటం వద్దు. కులం పేరు పెట్టి తిట్టుడు, ఆడోళ్లను అనుడు, రాళ్లు బాటిళ్లు ఇసురుడు, గ్రౌండ్‌లకు దుంకుడు, వీటికి కదలాలె. ఇంగ్లండ్‌ల 1991 నుంచి ఇసురుడు, జాతిని తిట్టే అరుపులు, గ్రౌండ్‌లకు దుంకుడు ఇవి కేసులయ్యే నేరాలే.

కదిలేటప్పుడు పదిమంది కలిసి మీద పడొద్దు. ఇద్దరు పోండ్రి, పక్కకెల్లి పోండ్రి, ఎదురుంగ నిలబడొద్దు. ఆ మనిషితోటి ఒక్కనితోటే చెవిల పడేటట్టు మెల్లగ మాట్లాడుండ్రి, దోస్తుల ముంగట పరువు పోతదనుకుంటే వాడు ఎనక్కి తగ్గడు. 'తమ్మీ, ఇంకోసారైతే బయటికి పంపాల్సొస్తది, పొద్దట్నుంచి అంత దూరం నుంచి వచ్చినవు, మ్యాచ్ చూసి పో' అంటే చానమంది వింటరు. వినకపోతే వాళ్ల ఊరి పెద్దమనిషిని తీస్కపోండ్రి. అప్పటికీ గాకపోతేనే బయటికి పంపుడు, పంపితే గూడ రోడ్డు మీద ఒదిలెయ్యొద్దు, వాళ్ల బస్సు కాడ దిగబెట్టి వాళ్లోళ్లకు చెప్పుండ్రి. ఒక్కడు చేసినదానికి సెక్షన్ మొత్తాన్ని ఎల్లగొట్టుడు అన్యాయం. ఇంకొకటి, వాళ్ల మొఖాలు ఫోన్‌ల వీడియో తీసి స్టేటస్ పెట్టొద్దు.

ఏమన్నా గడబిడ అయితే 'బయటోళ్లే చేసిన్రు' అనే మాట మన నోట్లకెల్లి ముందు వస్తది, దాన్ని ఆపుకోండ్రి. హిల్స్‌బరోల పోలీసులు తప్పు ఫ్యాన్స్ మీదికే నూకిన్రు, ఫ్యాన్స్‌ది తప్పేం లేదని ఆ చావుల మీద విచారణ చేసిన ఇంక్వెస్ట్ జ్యూరీ చెప్పెటాళ్లకు 2016 అయింది, ఇరవై ఏడేండ్లు ఆ కుటుంబాలు ఆ నింద మోసినయి. పారిస్‌ల 2022 మే 28న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ కాడ గూడ అదే కథ, లివర్‌పూల్ సపోర్టర్లను ఇరుకు దారిల ఆపిన్రు, టియర్ గ్యాస్ కొట్టిన్రు, మ్యాచ్ అరగంట దాటి లేట్ అయింది, తప్పు మాత్రం లేట్‌గ వచ్చిన ఫ్యాన్స్‌ది, దొంగ టికెట్లది అన్నరు. యూఈఎఫ్ఏ తానే ఏసిన కమిటీ 2023ల రిపోర్ట్ ఇచ్చి మొదటి బాధ్యత యూఈఎఫ్ఏదే అని తేల్చింది. అందుకే ఏమైందో టైమ్‌తోటి సహా అప్పటికప్పుడు నోట్‌బుక్‌ల రాసుకోండ్రి, చూసింది రాయండ్రి, అనుకున్నది రాయొద్దు.

బయటికి పంపుడు చివరి పని. మనోళ్లు పోయిందాక వాళ్లను కాసేపు ఆపాల్నంటే ఆ సంగతి హాఫ్‌టైమ్‌లనే చెప్పుండ్రి, ఎందుకు, ఎన్ని నిమిషాలు అన్నది గూడ, వాళ్ల రైలు టైమ్ చూస్కొని ఆపుండ్రి, కాజీపేటల రైలు పోతే మంచిర్యాల దాకా రాత్రి ఎట్ల పోతరు. ఆపినప్పుడు నీళ్లు, బాత్రూం తెరిచే ఉండాలె. గేటుకు తాళం మాత్రం ఎయ్యొద్దు, చచ్చినా ఎయ్యొద్దు. 1985 మే 11న ఇంగ్లండ్ బ్రాడ్‌ఫర్డ్ గ్రౌండ్‌ల స్టాండ్‌కు మంట అంటుకుంటే ఎనక గేట్లకు తాళాలు ఉండె, 56 మంది పానం పోయింది. తాళం బదులు గేటు కాడ మనిషి ఉండాలె, చివరి బస్సు కదిలిందాక ఆ మనిషి అక్కడ్నే ఉండాలె, ఆ పెద్దమనుషుల దగ్గర మన జాకెట్లు తిరిగి తీస్కునేటప్పుడు ఏం ఇబ్బందైందో అడిగి రాసుకొని ఆ కాగితం వచ్చే మ్యాచ్ మీటింగ్‌ల ముందు పెట్టుండ్రి.